నూటికి ముగ్గురు

4, మంగళవారం

ఈరోజు ఆఫీసులో ఒక మాటతో యుద్ధం చేసి గెలిచాను. ఇంట్లో చెబితే "జీతం పెరిగినట్టు చెబుతున్నావే" అంటారు మా ఆయన. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

మా ఆరోగ్య శాఖ కొత్త పోస్టరు మీద మా పైఅధికారి, అదే మా స్లైడుల సారు, ఇలా రాయించాడు: "పరీక్షించిన జనాభాలో క్షయవ్యాధి ప్రాబల్యం 3.1 శాతం." చదవగానే ఒళ్లు మండింది. ప్రాబల్యమట! ఏ పార్టీకి ఎక్కడ ప్రాబల్యం ఉందో చెప్పినట్టుంది. మా కాలనీలో ఈ వాక్యం అర్థమైనవాడు ఎవడైనా ఉంటే వాడికి చెయ్యాల్సింది పరీక్ష కాదు, సన్మానం.

అదంతా కొట్టేసి రాశాను: "పరీక్ష చేయించుకున్నవాళ్లలో నూటికి ముగ్గురికి టీబీ ఉంది. మందులు వాడితే తగ్గిపోతుంది. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే వచ్చి చూపించుకోండి."

"మరి ఆ పాయింట్ వన్ ఏమైందమ్మా?" అన్నాడు సారు.

"ఆ పదోవంతు మనిషిని ఎక్కడ నిలబెట్టమంటారు సార్?" అన్నాను.

మన భాషలో వస్తువులైతే మూడు, మనుషులైతే ముగ్గురు. మూడు శాతానికి ముఖం ఉండదు. ముగ్గురికి ముఖం ఉంటుంది, ఇల్లుంటుంది, వేళకు రాకపోతే ఎదురుచూసేవాళ్లుంటారు. నూటికి ముగ్గురు అంటే చదువు రానివాడి గుండెలో కూడా గుచ్చుకుంటుందని బల్ల గుద్ది చెప్పాను. గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. శుక్రవారం మా కాలనీ హాల్లోనే మొదటి మీటింగు. నేనే మాట్లాడాలి.

అత్తయ్య మధ్యాహ్నమంతా దగ్గుతూనే ఉన్నారట. మొన్న అటక దులిపారు కదా, ఆ దుమ్ము.

7, శుక్రవారం

బుద్ధి లేని జనం. బుద్ధి లేని జనం. బుద్ధి లేని జనం.

మొహం కడుక్కుని వచ్చాను. ఇప్పుడు రాస్తాను.

మీటింగు బాగానే మొదలైంది. కాలనీ కమిటీ అధ్యక్షుణ్ణి అందరూ 'మైకు' అంటారు. చేతికొచ్చిన మైకును ఇంకొకరికి ఇచ్చిన పాపాన పోలేదు కనుక. ఆయన చేతిలోంచి దాన్ని దాదాపు పీక్కుని, నూటికి ముగ్గురు అన్నాను. హాలంతా నా వైపు తిరిగింది. అమ్మయ్య, గుచ్చుకుంది అనుకున్నాను.

ఎదురింటి పిన్నిగారు లేచింది. "ఎవరమ్మా ఆ ముగ్గురూ?"

నవ్వొచ్చింది. నవ్వాను కూడా, నా ఖర్మ. "ఎవరూ అని కాదు పిన్నిగారూ, అది లెక్క. వంద మందిని తీసుకుంటే..."

"వందే కదా మన కాలనీలో ఇళ్లు" అన్నాడు మైకు.

నిజమే. ఒకటి నుంచి నూరు దాకా గుమ్మాల మీద నంబర్లున్నాయి. మాది నలభై ఆరు. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. తట్టలేదు, అంతే.

"ఇది ఊరంతటి లెక్కండీ. మన కాలనీలో ఒక్కరూ లేకపోవచ్చు. పది మంది ఉన్నా ఉండొచ్చు."

"పది మందా!" అంది హాలంతా ఒక్క గొంతుతో.

"ఊరి సంగతి మనకెందుకమ్మా" అన్నాడు మైకు. "మన నూరిళ్లలో మన ముగ్గురెవరో చెప్పు చాలు. జాగ్రత్తపడతాం."

చెప్పాను. మళ్లీ చెప్పాను. వేళ్లు ముడిచి చెప్పాను, బోర్డు మీద గీసి చెప్పాను. చివరికి పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని "పోనీలేమ్మా, ఆఫీసులో చెప్పొద్దన్నారేమో. ఉద్యోగం కదా పాపం" అని ఓదార్చింది. ఓదార్పట!

చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటారు. వీళ్లకు చెవుడేమీ లేదు. శంఖం బాగానే వినపడింది, అదే వచ్చిన చిక్కు.

9, ఆదివారం

కాలనీలో ఎవరూ దగ్గడం లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, దగ్గొస్తే చాలు అటూ ఇటూ చూసి మింగేస్తున్నారు. పాలబూత్ దగ్గర ఒకాయన ఆపుకోలేక దగ్గేసి, కళ్లమ్మట నీళ్లు కారుతుంటే "పొలమారింది, పొలమారింది" అని వరసలో ఉన్న ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పుకున్నాడు.

మా ఇంట్లో దుమ్ము ఇంకా తగ్గలేదు.

10, సోమవారం

ఒకరు దొరికారట!

మా మెట్ల కింద గదిలో మిషను పెట్టుకున్న దర్జీ బాబాయ్. సన్నగా ఉంటాడు, దగ్గుతాడు, ఒంటరివాడు, అద్దెకుంటున్నాడు. ఇంకేం కావాలి? నేరస్థుడు కావడానికి అన్ని అర్హతలూ ఉన్నాయి. ఆఫీసు నుంచి వచ్చేసరికి ముగ్గురు ఆడవాళ్లు కుట్టని గుడ్డలు వెనక్కి తీసుకెళ్తున్నారు. ఒకావిడ అయితే చేత్తో ముట్టుకోకుండా కర్రతో సంచీలోకి తోసుకుంటోంది.

"అది గుడ్డల వల్ల అంటుకోదండీ, గాలి వల్ల" అని అరిచాను.

"అదే కదమ్మా, గాలి కూడానా!" అని ముక్కు మూసుకుంది.

దర్జీ బాబాయ్ మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. "నాది గుడ్డ నూగమ్మా. పాతికేళ్ల నుంచీ మింగుతున్నా. చలికాలం వస్తే ఇంతే" అన్నాడు. ఆ తర్వాత తల దించుకుని అడిగాడు, "ఆ పేర్లలో నాది ఉందా అమ్మా?"

"పేర్లు లేవు బాబాయ్. అసలు పేర్లే లేవు."

"మరి ముగ్గురని ఎలా తెలిసింది?"

నా నాలుక తెగ్గోసుకోవాలనిపించింది.

12, బుధవారం

పరీక్షల వ్యాను కాలనీలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడింది. ఒక్క పురుగు రాలేదు. నర్సు నవల పూర్తి చేసుకుంది. ఎందుకు రారయ్యా అని మైకును అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఒకడు దొరికాడుగా. ఇంకో ఇద్దరు దొరికితే అయిపోయింది. మిగతావాళ్లం బాగానే ఉన్నట్టేగా?"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నా తల కాదు, ఆయనది.

స్లైడుల సారుకు ఫోన్ చేశాను. సంతోషంగా ఉన్నాడు మహానుభావుడు. "నేను శాతం అంటే విన్నావా? సరేలే, తిరగేసి చెప్పు. నూటికి తొంభై ఏడుగురు క్షేమం అను. పాజిటివ్‌గా ఉంటుంది."

అదీ చూద్దామని సాయంత్రం కమిటీవాళ్లతో అన్నాను. తొంభై ఏడుగురు క్షేమం అనగానే అందరి మొహాలూ వెలిగిపోయాయి. "ఆ తొంభై ఏడుగురం మేమే" అన్నాడు మైకు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

13, గురువారం

అత్తయ్యకు పొద్దున కూడా. చలిగాలి. కిటికీ మూయించాలి.

15, శనివారం

దర్జీ బాబాయ్‌ని నేనే క్లినిక్‌కు తీసుకెళ్లాను. నిన్న కళ్లె ఇచ్చాడు, ఎక్స్‌రే తీశారు, ఈరోజు ఫలితం. టీబీ లేదు. ఆ కాగితం చేతికివ్వగానే మనిషి మడతలు విప్పుకున్నట్టు నిటారుగా నిలబడ్డాడు. "నాలుగు కాపీలు తీయించనా అమ్మా?" అన్నాడు.

తీయించాడు. ఒకటి షాపు తలుపుకు అంటించాడు, ఒకటి మైకు చేతికిచ్చాడు. మైకు కళ్లజోడు పెట్టుకుని, తిరగేసి మరగేసి చూసి, "కాగితాలదేముంది, ఎన్నయినా పుడతాయి" అన్నాడు.

"ఇది క్లినిక్ కాగితం సార్. నా ఎదురుగా ఇచ్చారు" అన్నాను.

"సరే, ఈయన కాదనుకుందాం. మరి ఎవరు? లెక్క తేలాలా వద్దా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లట. కుందేలు స్వయంగా వచ్చి నాలుగో కాలు చూపించినా నమ్మడు. నిప్పు లేనిదే పొగ రాదని ఎవడో అన్నాడు. దర్జీ అద్దెకుంటున్న గది సొంతదారు కూడా కమిటీలోనే ఉన్నాడు. రేపు కాక వచ్చే ఆదివారం మీటింగులో తేల్చేస్తారట, ఖాళీ చేయించాలా వద్దా అని. పాతికేళ్లుగా ఈ కాలనీలో పెళ్లికూతుళ్లకూ, బడిపిల్లలకూ కుట్టిన మనిషి. చేతులెత్తి ఓటు వేస్తారట! సిగ్గులేని చేతులు.

క్లినిక్‌లో, మొన్న వ్యానులో వచ్చిన నర్సే, అలవాటుగా నన్నూ అడిగింది. "మీ ఇంట్లో రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా ఉందా?"

"లేదు" అన్నాను.

అందరినీ అడుగుతుంది. అది ఆమె డ్యూటీ.

16, ఆదివారం

అత్తయ్య జాకెట్టు తీసుకుని దర్జీ షాపుకు వెళ్లారు. వారం నుంచి ఆ మెట్టు ఎక్కిన మొదటి మనిషి ఈవిడే. నేను వెనకే వెళ్లాను. ఆవిడ కావాలనే గట్టిగా, వీధంతా వినేలా "ఏమయ్యా, చేతుల కింద మళ్లీ వదులైంది, చూడు" అన్నారు.

"మొన్ననే కదా వదినా లోపలికి కుట్టాను?" అన్నాడు బాబాయ్.

"నీ కుట్టు నిలవడం లేదు మరి."

బాబాయ్ టేపు పెట్టి కొలిచాడు. నా వైపు చూశాడు. నా వైపు చూడ్డానికేముంది? పెద్దవయసు. పెద్దవయసులో ఎవరైనా చిక్కుతారు. ఆకలి లేదంటారు, చెబితే వినరు.

ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను, అత్తయ్యకు ఒక టానిక్ తీసుకురండి అని.

18, మంగళవారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తయ్య ఇంట్లో లేరు. ఎదురుచూస్తుంటే మెల్లగా మెట్లెక్కి వచ్చారు, మాస్కు కట్టుకుని.

"ఎక్కడికెళ్లారు?"

"నీ పోస్టరు రమ్మంది, వెళ్లాను" అన్నారు. కూర్చుని కాసేపు ఆయాసపడ్డారు. "రెండు వారాలు దాటితే రమ్మని రాశావు కదా అమ్మాయ్. నాకు నెల దాటింది. నువ్వే తీసుకెళ్తావేమోనని చూశాను. ఊళ్లోవాళ్లందర్నీ తీసుకెళ్తున్నావు కదా."

నేను వెళ్లి గుమ్మం తలుపు వేశాను.

"నిన్న కళ్లె ఇచ్చొచ్చాను. ఇవాళ చెప్పారు. ఉందట. మందులిచ్చారు, ఆరు నెలలు వాడమన్నారు. కిటికీలు తీసి ఉంచాలట, నువ్వు మూయించావు కదా, తెరువు."

అప్పుడు నేనన్న మొదటి మాట ఇక్కడ రాసుకుంటాను. రాసుకోవాలి. మంచినీళ్లు తాగుతారా అనలేదు. భయపడకండి అనలేదు. "మిమ్మల్ని ఎవరైనా చూశారా?" అన్నాను.

అత్తయ్య నా మొహంలోకి చూసి, "చూశారో లేదో నేను చూళ్లేదు" అన్నారు.

కోపం వచ్చింది. ఆవిడ మీదే వచ్చింది. ఒక మాట చెప్పి వెళ్లకూడదా? ఇంకో క్లినిక్ లేదా, దూరంగా?

19, బుధవారం

మా ఆయన రాత్రి డ్యూటీ దిగి వచ్చాక ముగ్గురం కూర్చున్నాం. ముగ్గురం! ఈ మాట వింటేనే కంపరంగా ఉంది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. మనలోనే ఉండనీ" అన్నారు ఆయన.

అదే సరైనది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. మా ఆఫీసు నియమం కూడా అదే. గోప్యత అంటే దాచడం కాదు. గోప్యత రోగి హక్కు. వేరే కారణమేమీ లేదు. గోప్యత.

దర్జీ మీద కళ్లున్నంత కాలం మా గుమ్మం వైపు ఎవరూ చూడరు.

పై వాక్యం నేను రాయలేదు.

21, శుక్రవారం

మెట్లు దిగుతుంటే దర్జీ బాబాయ్ మిషనుకు గోతం చుట్టి తాళ్లు కడుతున్నాడు. "ఆదివారం దాకా ఆగడం ఎందుకమ్మా, నలుగురిలో అనిపించుకోవడం ఎందుకు?" అన్నాడు. ఆగు బాబాయ్, నేను మాట్లాడతాను కదా అన్నాను. ఏం మాట్లాడతాను? గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. నాకు తెలుసు, తెలిసీ ఎర్రగా నిలబడ్డాను.

అత్తయ్య వరండాలోంచి అంతా విన్నారు. "ఖాళీ చేసి ఎక్కడికి పోతాడు?" అని అడిగారు. తెలియదన్నాను. "తెలియకపోవడమేం, నీకు లెక్కలన్నీ తెలుసుగా" అన్నారు.

23, ఆదివారం

వరసగా రాస్తాను.

హాలు నిండిపోయింది. పరీక్షకు రమ్మంటే రారు, మనిషిని వెళ్లగొట్టడానికి పిల్లాపాపలతో వచ్చారు. దర్జీ బాబాయ్ తలుపు పక్కన నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

నాకు మొదట మాట్లాడే అవకాశం ఇచ్చారు, దయతలచి. ఒక అట్ట మీద వంద చుక్కలు పెట్టి, మూడింటికి ఎర్రరంగు వేసి పట్టుకెళ్లాను. ఈ చుక్కలు మన ఇళ్లు కావు, ఊళ్లో ఎక్కడివైనా కావచ్చు అని చెప్పబోతున్నాను. ముందు వరసలో ఒకావిడ లేచి, వేలితో లెక్కపెట్టి, "ఆ రెండో ఎర్రచుక్క మా వరసలో పడింది!" అని కెవ్వుమంది. ఇక అంతే. మా ఇల్లు కాదు, మీ ఇల్లే అని కొట్లాట. అట్ట చింపేద్దామనిపించింది.

"ఇదంతా ఎందుకు" అని మైకు మైకందుకున్నాడు. "దర్జీని ఖాళీ చేయించాలి అనేవాళ్లు చేతులెత్తండి."

"ఆగవయ్యా" అని కిటికీలోంచి వినపడింది.

అత్తయ్య. బయట వరండాలో, మాస్కు కట్టుకుని, ఊచలు పట్టుకుని నిలబడ్డారు. మెట్లు దిగి ఇంత దూరం ఎలా నడిచి వచ్చారో!

"లోపలికి రాను, ఇక్కడే ఉంటాను. ఆ ముగ్గురూ ఎవరని కదా రెండు వారాలుగా కొట్టుకు చస్తున్నారు? అందులో ఒకదాన్ని నేను. నలభై ఆరో నంబరు. రాసుకో."

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. నేను మా ఆయన మొహం చూశాను. ఆయన నేల చూశారు.

"పరీక్షలో తేలింది. మందులు మింగుతున్నాను. ఆరు నెలలకు పోతుందట. దర్జీకి లేదయ్యా. కాగితం చూపించాడు, మీకు కళ్లు లేకపోతే అతనేం చేస్తాడు? కుట్టేది అతను, నోరు కుట్టుకుంది నేను." దగ్గొచ్చింది. ఆపుకోలేదు. అటు తిరిగి, తనివితీరా దగ్గి, మళ్లీ ఇటు తిరిగారు. "సరే, నేనొకదాన్ని దొరికాను. లెక్కకు ఇంకా ఇద్దరు తక్కువ. ఎవరు? రేపు వ్యాను వస్తుంది. ఆ ఇద్దరూ రండి, ఒంటరిగా మింగలేకపోతున్నాను."

తప్పు. లెక్క తప్పు. నూటికి ముగ్గురంటే అలా కాదు అత్తయ్యా, ఇంకా ఇద్దరే అని ఎలా అంటారు అని నోటిదాకా వచ్చింది. రెండు వారాలు గొంతు చించుకుని నేను కాదన్న తప్పునే ఆవిడ చేతిలోకి తీసుకుని అందరి ముందూ పెట్టారు. నోరు మూసుకున్నాను. ఈ రెండు వారాల్లో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

అప్పుడు ఎదురింటి పిన్నిగారు దగ్గింది. మొదట కొంగు అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. ఒంగిపోయి, పక్కావిడ భుజం పట్టుకుని, రెండు వారాలుగా దాచుకున్నదంతా దగ్గేసింది. నన్ను ఓదార్చిన మనిషి! ఆ తర్వాత వెనక వరసలో ఒకాయన. ఇంకొకరు. పాలబూత్ ఆయన మాత్రం "నాది నిజంగా పొలమారిందే" అన్నాడు, కానీ ఈసారి గొంతులో నమ్మకం లేదు.

ఎత్తిన చేతులు ఎప్పుడు దిగాయో తెలియదు. ఓటు జరగలేదు. మైకు చేతిలో మైకు ఉంది, ఆయన మాట్లాడలేదు.

24, సోమవారం

వ్యాను ముందు వరస పాలబూత్ దాటిపోయింది. 'మిగతా ఇద్దరి' కోసం ఎంతమంది వచ్చారో నర్సు లెక్కపెట్టుకుంది, నేను పెట్టలేదు. మైకు వరసలో ముందుకు జరగబోతే వెనకవాళ్లు లాగేశారు. స్లైడుల సారు ఫోన్ చేసి, "ఏ పద్ధతి వాడావమ్మా? ఒక స్లైడు చేసి పంపు, రాష్ట్రమంతా వాడదాం" అన్నాడు. మా అత్తయ్యను స్లైడులో ఎలా పెట్టాలి సార్ అని అడిగి పెట్టేశాను.

కోపం తగ్గలేదు. నిన్న చేతులెత్తినవాళ్లే ఈరోజు దర్జీ షాపు ముందు గుడ్డలు పట్టుకుని నిలబడ్డారు, ఏమీ జరగనట్టు. క్షమించమని ఒక్కడూ అనలేదు. మైకు చొక్కాగుడ్డ ఇచ్చాడు. బాబాయ్ టేపు మెడలో వేసుకుని, "పాత కొలతలు పోయాయి సార్. కొత్తవి తియ్యాలి, ముట్టుకోవాల్సొస్తుంది. ఆలోచించుకుని వారం తర్వాత రండి" అన్నాడు. గట్టిగా నవ్వాను. చాలా రోజులైంది నవ్వి.

ఇంట్లో ఉన్నవాళ్లం కాబట్టి మేమూ పరీక్ష చేయించుకోవాలి. మా ఆయనా నేనూ వరసలో నిలబడ్డాం. ముందువాళ్లూ వెనకవాళ్లూ చూస్తున్నారు. చూడనీ. మా వంతు వచ్చింది. నర్సు తలెత్తకుండా, అలవాటుగా అడిగింది.

"ఇంట్లో రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా ఉందా?"

"ఉంది. మా అత్తయ్యకు."

అప్పుడు తలెత్తింది. "ఆ రోజు లేదన్నారే?"

"అన్నాను" అన్నాను.